పోయిందేంది, వచ్చిందేంది

ఆయన పోయాడన్న కబురు ఆయన ఫోన్ నుంచే వచ్చింది. తెర మీద పేరు చూసి, "ఏం సార్, ఇన్నాళ్లకు గుర్తొచ్చినమా?" అని దెప్పిపొడిచాను. అవతల ఎవరిదో కొత్త గొంతు. "నేను ఆయన అన్నను మేడం. తమ్ముడు ఇయ్యాల పొద్దున పోయిండు. ఫోన్ల మీ పేరు పక్కకు కాలేజి అని ఉంటె చేసిన" అన్నాడు. నా ఎత్తిపొడుపుకు నాకే సిగ్గేసింది. ఏం మాట్లాడానో గుర్తులేదు గానీ, ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదని తెలిస్తే ఆ కోపం కొంత తగ్గి ఉండేది.

వనపర్తిలో నేను ఎకనామిక్స్ చెప్పే కాలేజీలోనే ఆయన పొలిటికల్ సైన్స్ చెప్పేవాడు. నాది పర్మనెంట్ ఉద్యోగం, ఆయనది గెస్టు ఉద్యోగం. పీరియడ్‌కు ఇంత అని లెక్క. సెలవులకు ఏమీ రాదు. ప్రతి జూన్‌లో మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి, మళ్లీ ఇంటర్వ్యూకు కూర్చోవాలి. ఎన్నో ఏళ్లు చెప్పిన పాఠాన్నే బోర్డు ముందు నిలబడి కొత్తగా చెప్పి చూపించాలి. పేరు చెప్పను. చెప్పినా మా కాలేజీ బయట ఆ పేరు ఎవరికీ తెలియదు.

ఆయనకు ఒక మాట ఊతపదం. "పోయిందేంది, వచ్చిందేంది?" టీ కొట్టు మార్చినా అదే అడిగేవాడు, ఎవరి పెళ్లికి వెళ్లి వచ్చినా అదే అడిగేవాడు. రెండు దేశాల ఒప్పందం గురించి పాఠం చెబుతూ బోర్డును నిలువునా చీల్చి, ఒక పక్క 'పోయింది' అనీ, ఇంకో పక్క 'వచ్చింది' అనీ రాసేవాడు. మా పిల్లలు పరీక్షల్లో కూడా ఆ రెండు శీర్షికలతోనే జవాబులు రాసేవారు. పేపర్లు దిద్దినవాళ్లు నవ్వుకున్నారో ఏమో, మార్కులు మాత్రం బాగానే వేసేవారు.

స్టాఫ్ రూములో కుర్చీలు ఖాళీగా ఉన్నా ఆయన గోడవారన ఉన్న బెంచి మీదే కూర్చునేవాడు. చేతిసంచి ఒళ్లో పెట్టుకునేవాడు. బస్సు ఆగగానే దిగిపోవాల్సిన మనిషిలా ఉండేది ఆ కూర్చోవడం. చూడలేక ఒకసారి కసిరాను. "ఆ సంచిని ఎవ్వరు ఎత్తుకపోతరు సార్? కుర్చీకి తగిలియ్యండి, హాయిగ కూసోండి." ఆయన నవ్వాడు. "కుర్చీ అలవాటైతె జూన్ల కష్టమైతది మేడం" అన్నాడు.

ఆయన అంతర్జాతీయ సంబంధాలలో ఎమ్మే చేశాడు. ఉత్తరాదిన ఉన్న పెద్ద సర్కారు యూనివర్సిటీలో. కోడేరు దగ్గర్లోని వాళ్ల ఊరి నుంచి అంత దూరం పోయి చదివినవాడు అంతకుముందు లేడు. ఊళ్లోవాళ్లకు ఆ చదువేమిటో అర్థం కాకపోయినా, పేరులో 'అంతర్జాతీయ' అన్న మాట ఉంది కాబట్టి దుబాయి కాగితాలన్నీ ఆయన దగ్గరికి తెచ్చేవారు. ఒకరోజు పెద్దమందడి నుంచి ఒక ముసలామె కాలేజీకే వచ్చింది. కొడుకు డ్రైవర్ పనికి పోతున్నాడని చెప్పి కాగితం చేతిలో పెట్టింది. ఆయన అటూ ఇటూ తిప్పి చదివి, "అమ్మీ, దీంట్ల డ్రైవర్ అని లేదు. ఎడారిల జీవాలు కాసే పని అని ఉంది. పాస్‌పోర్టు వాపస్ తెచ్చుకోమను" అన్నాడు. ఆమె ఆయన మేలు కోరి దువా చదివి వెళ్లిపోయింది. "ఆ చలిల రెండేండ్లు రజాయి కప్పుకొని సదివిన దానికి వచ్చింది ఇదొక్కటే మేడం" అన్నాడు నాతో. వేళాకోళంగానే అన్నాడు, కానీ అది వేళాకోళం కాదు.

డిగ్రీ ఆఖరి పరీక్షలు అయ్యాక పిల్లలు ఆయన చుట్టూ చేరేవారు. ఫోన్లు తీసి కోర్సులు చూపించేవారు. "సార్, ఈడ అంతర్జాతీయ సంబంధాల ఎమ్మే ఉందంట, ఇది మంచిదా, గది మంచిదా?" అని అడిగేవారు. ఇక ఆయన పని మొదలయ్యేది. ఆ కాలేజీలకే ఫోన్ చేసి, పెళ్లి సంబంధం విచారించే పెద్దమనిషిలాగా అడిగేవాడు. "మీ దగ్గర సదివినోళ్లు ఇప్పుడేం జేస్తుండ్రు? అందరు. మంచిగ సెటిలైనోళ్లు కాదు, మిగిలినోళ్ల సంగతి చెప్పుండ్రి." అవతలివాళ్లు రంగురంగుల పుస్తకం పంపేవారు. దాంట్లో కోట్లు వేసుకున్న ముగ్గురు నవ్వుతూ ఉండేవారు. మరుసటి ఏడు పుస్తకంలోనూ ఆ ముగ్గురే నవ్వేవారు. "ప్రతి ఏడు వీళ్లే పాసైతుండ్రా?" అని ఫోన్‌లో మళ్లీ అడిగితే, వాళ్లు పెట్టేసేవారు.

ఆయన లెక్క ఫీజుతో ఆగేది కాదు. ఫీజు గేటు దగ్గర కనపడే ఖర్చు అనేవాడు. లోపల హాస్టలు ఉంటుంది, చలి బట్టలుంటాయి, అక్కడివాళ్లలాగా ఇంగ్లీషు మాట్లాడటానికి కోచింగు ఉంటుంది, ఇంటర్వ్యూలకు తిరిగే రైలు చార్జీలుంటాయి. అన్నిటికంటే పెద్దది, చదువు అయిపోయాక ఉద్యోగం కోసం ఆ ఊళ్లోనే పడి ఉండే కాలం. ప్రైవేటు యూనివర్సిటీలో ఫీజు వీపనగండ్ల దిక్కు రెండెకరాల పొలమంత. సర్కారుదాంట్లో ఫీజు లేనట్టే, కానీ సీట్లు తక్కువ, చదువయ్యాక నీ తిప్పలు నీవి. యూరప్‌లో ఒక్క ఏడాదిలో అయిపోతుంది, ఆ తర్వాత వీసా కూడా అయిపోతుంది.

వచ్చేదాని గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవాడు. "సదువు అయినంక పెద్ద పెద్ద సంస్థలల్ల ట్రెయినింగ్ అని పెట్టుకుంటరు. జీతం ఉండది. ఏడాది, ఏడాదిన్నర గట్ల చేసినోనికే తర్వాత కొలువు. మరి అన్ని దినాలు ఎవలు పైసలు పంపాలె? ఇంటోళ్లు పంపాలె. పంపగలిగే ఇల్లున్నోడు నిలవడ్డడు. లేనోడు బండెక్కి వాపస్ వచ్చిండు, నా తీరుగ. కోర్సు ఏదైతేంది? తేడా కోర్సుల లేదు, ఇంట్ల ఉంది."

అది విన్న పిల్లలు ఫోన్లు జేబుల్లో పెట్టుకుని బీఎడ్‌కు పోయేవారు. ఎగిరే పిల్లల రెక్కలు ఇలా విరిచేస్తారెందుకని నేను చాలాసార్లు పోట్లాడాను. "అబద్ధం జెప్పి పంపాల్నా?" అనేవాడు. మళ్లీ తనే అనేవాడు. "ఒక్కరన్న పోవాలె మేడం. పోయి, ఈ బెంచి కాడికి మళ్ల రావద్దు. ఒక్కరు సాలు."

ఆ ఒక్కరూ శ్రావణి అవుతుందని ఆయన అనుకున్నాడు. నేనూ అనుకున్నాను. గద్వాలలో మగ్గం నేసే ఇంటి పిల్ల. మా ఊళ్లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదివింది. మొహమాటం లేకుండా ప్రశ్నలడిగేది. బోర్డు మీది రెండు శీర్షికల మధ్య గీతను చూపించి, "సార్, ఈ గీత ఎవలు గీస్తరు?" అని అడిగిన పిల్ల అదే. ఆ ఏడు ఆమెకు రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి ఆయన చదివిన సర్కారు యూనివర్సిటీలో, ఇంకోటి ప్రైవేటుదాంట్లో, సగం ఫీజు మాఫీతో. ఆయన వారం రోజులు నిద్ర లేనట్టు తిరిగాడు. రెండిటినీ అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి సర్కారుదే అన్నాడు. "పోయేది తక్కువైతె పడ్డా దెబ్బ తక్కువ" అన్నాడు. తండ్రి ఒప్పుకోవడం ఒక్కటే మిగిలింది.

తండ్రి గద్వాల నుంచి పొద్దుటి బస్సుకు వచ్చాడు. సన్నటి మనిషి, తెల్లచొక్కా. కూతురు వెనకాల నిలబడింది. కోర్సు సంగతంతా మా సార్ చెబుతుంటే ఓపిగ్గా విన్నాడు. విని, తన పద్ధతి చెప్పాడు.

"మా దాంట్ల ఒకటుంటది సార్. కొత్త డిజైన్ మగ్గమెక్కాలంటె ముందుగాల ఒక నమూనా తెచ్చి చూపిస్తరు. పట్టి చూస్తం, తిరగేసి అంచు అతుకు చూస్తం, అప్పుడే పడుగు ఎక్కిస్తం. ఎక్కించినంక నడుమల దించుడు ఉండది. ఈ సదువు నాకు తెల్వదు. ఇది సదివినోళ్లను ఒక్కల్ని చూపియ్యుండ్రి, చూసి పంపుత."

మూడు జిల్లాల్లో వెతికినా ఆ యూనివర్సిటీలో ఆ చదువు చదివి వచ్చినవాడు మా సార్ ఒక్కడే. ఆ సంగతి శ్రావణే చెప్పింది. "నాయినా, సారు అదే సదివిండు."

ఆ తండ్రి చూపు మారింది. చెప్పుల దగ్గర మొదలుపెట్టి పైదాకా చూశాడు. అలవాటు కొద్దీ చెయ్యి చాచి సార్ చొక్కా అంచు వేళ్లతో నలిపి చూశాడు. అప్పుడు మా సార్ లేచి నిలబడ్డాడు. ఒళ్లోని సంచిని తీసి పక్కనున్న కుర్చీకి తగిలించాడు. ఆ కుర్చీలో కూర్చుని వీపు ఆనించాడు. అన్నేళ్లలో ఆయన అలా కూర్చోవడం నేను మొదటిసారి చూశాను.

"పర్మనెంటేనా సార్?"

"ఆఁ."

"సదువు అయినంక మస్తు దినాలు ఖాళీగ ఉన్నరా?"

"లేదు. జల్దినే అయింది."

తండ్రి కూతురి వైపు తిరిగి తలూపాడు. "సరే బిడ్డా, పో" అన్నాడు. శ్రావణి ఆ నిమిషంలో ఏడ్చింది. వాళ్లు వెళ్లిపోయాక నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. ఇంతకాలం అందరికీ నిజం చెప్పి ఆపినవారు ఈ పిల్లకు ఎందుకు అబద్ధమాడారని అడిగాను.

"నిజం జెప్పి ఆపితే ఏమైంది మేడం? ఆగినోళ్లు ఏమన్న బాగువడ్డరా?" అన్నాడు. "ఆపితే ఆ పిల్ల గూడ నాయిన తీరుగ మగ్గం గుంటల దిగుతది. రెండేండ్లల్ల ఆమె నిలవడ్డదంటే నేను ఏమైతేంది, ఎవడు అడుగుతడు?" సంచి మళ్లీ ఒళ్లోకి తీసుకుని బెంచి మీదికి పోయి కూర్చున్నాడు.

తర్వాత రెండేళ్లు ఆయన వేరే మనిషి. కోర్సుల గురించి ఎవరడిగినా లెక్కలు చెప్పడం మానేశాడు. "మా శ్రావణి ఉంది గద ఢిల్లీల, ఆమెను అడుగుండ్రి" అనేవాడు. ఆమె ఫోన్ వస్తే వరండాలోకి పోయి మాట్లాడి, తిరిగొచ్చి నాకు వార్తలు చదివినట్టు చెప్పేవాడు. ఆమెకు మార్కులు బాగా వచ్చాయి. ఏదో సెమినార్‌లో మాట్లాడింది. రజాయి కొనుక్కుంది.

మూడో ఏటికి ఆ వార్తలు సన్నబడ్డాయి. జీతం లేని ట్రెయినింగుకు తోటి పిల్లలు పోయారు, ఈమె పోలేక ఒక కాల్ సెంటర్లో చేరింది. తర్వాత ఆర్నెల్ల కాంట్రాక్టు మీద ఏదో సంస్థలో పని దొరికింది, ఆర్నెల్లూ అయిపోయాయి. ఇదంతా ఎప్పుడో ఆయనే చెప్పి ఉన్నాడు, పిల్లలందరికీ, బోర్డు ముందు నిలబడి. కానీ ఈ పిల్ల విషయంలో ఆయన నమ్మలేదు. "దొరుకుతది మేడం, ఆమెకు దొరకకుంటె ఎవలికి దొరుకుతది?" అనేవాడు. నేను తర్కించలేదు. ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి. శ్రావణి తండ్రికి కళ్లు మసకబారి పోగులు కనబడటం లేదని ఎవరో చెప్పారు.

పోయిన జూన్‌లో గెస్టు లెక్చరర్ల ఇంటర్వ్యూలు పెట్టారు. నన్ను వరండాలో టేబుల్ వేసి సర్టిఫికెట్లు చూడమన్నారు. పొలిటికల్ సైన్స్‌కు ఒక్కటే పోస్టు. రెండు ఫైళ్లు వచ్చాయి. ఒకటి మా సార్‌ది, రెండోదాని మీద శ్రావణి పేరు ఉంది. లెక్చరర్లకు కావలసిన నెట్ పరీక్ష ఇద్దరూ పాసయ్యారు. పీజీ మార్కులు శ్రావణివి ఎక్కువ. మార్కులు ఎక్కువున్నవారికే పోస్టు అన్నది నియమం.

ఆమె తండ్రి చెయ్యి పట్టుకుని మెట్లెక్కి వస్తుంటే వరండా బెంచి మీదున్న మా సార్ చూశాడు. తనను చూడటానికే వచ్చిందనుకున్నాడు. ముఖం విప్పారింది. "ఎప్పుడొచ్చినవ్ బిడ్డా? సెలవులా?" అంటూ ఎదురు వెళ్లాడు.

"లేదు సార్, ఇంటర్వ్యూకు వచ్చిన. మీ సబ్జెక్టులనే ఇంకొక పోస్టు పడ్డదంట గద. మీ దగ్గరనే పనిచేస్త అనుకుంటె మంచిగనిపించింది" అంది. తండ్రితో పాటు ఆమె కూడా ఆనాటి మాటనే నమ్మింది. తాను గెస్టునని ఆయన పిల్లల ముందు ఎప్పుడూ బయటపడలేదు మరి.

తండ్రి గొంతు గుర్తుపట్టి రెండు చేతులూ జోడించాడు. "సార్, మీరు జెప్పినట్లనే అయింది. బిడ్డ మీ అసొంటి కొలువుకే వచ్చింది. మీరు ఈడ బయట ఉన్నరేంది? లోపలికి పోయి కూసోండ్రి. మా బిడ్డను జర చూడుండ్రి."

"ఆఁ, పోతున్న" అన్నాడు మా సార్.

నా టేబుల్ దగ్గరికి వచ్చి తన ఫైలు ఇమ్మన్నాడు. నేను ఇవ్వనన్నాను. మీరు లోపలికి పోయి కూర్చోండి, తర్వాత సంగతి తర్వాత చూద్దామన్నాను. "మీ రూల్ ప్రకారం గూడ ఆమెకే వస్తది. ఇంకెందుకు మేడం, ఆ ముసలాయన ముంగట నన్ను పేరు వెట్టి పిలిపిస్తరు?" అన్నాడు. మెల్లగా నా చేతి కింది నుంచి ఫైలు లాక్కుని, వాళ్లకు కనబడకుండా వెనక మెట్ల మీదుగా దిగిపోయాడు.

పోస్టు శ్రావణికి వచ్చింది. సార్ సెలవులో ఉన్నాడేమో అనుకుని మొదటి వారమంతా ఎదురుచూసిందట. తర్వాత ఆఫీసులో ఎవరో అసలు సంగతి చెప్పారు. స్టాఫ్ రూముకు పరుగెత్తుకొచ్చి నా ముందే ఆయనకు ఫోన్ చేసింది. వదిలేస్తానంది, తెలియదు సార్ అంది, ఏడ్చింది. స్పీకర్‌లో ఆయన మాట నేనూ విన్నాను. "నువ్వు కూసో బిడ్డా. జూన్ దాకనే గద." అంతే. ఆ తర్వాత ఆమె ఫోన్ చేసినా, నేను చేసినా ఆయన ఎత్తలేదు.

ఇప్పుడు కబురు తెలిశాక నేనూ శ్రావణీ కలిసి వాళ్ల ఊరికి పోయాము. మేం చేరేసరికి అంతా అయిపోయింది. ఇంటి ముందు టెంటు కింద కొద్దిమంది కూర్చున్నారు. ఆయన భార్యను నేను అంతకుముందు చూడలేదు. కాలేజీ వాళ్లమని చెప్పగానే నా చేతులు గట్టిగా పట్టుకుంది.

"మంచిగనే లేచిండు మేడం. డబ్బ కట్టిచ్చిన. కాలేజికి ఆలస్యమైతుందని సగం చాయి ఇడిచిపెట్టి పోయిండు. బస్సు కోసం నిలవడి నిలవడి కూలిండంట" అంది.

నేను శ్రావణి వైపు చూశాను. ఆయన కాలేజీ వదిలి ఏడాది కావస్తోంది. ఈ ఏడాదంతా రోజూ పొద్దున డబ్బా పట్టుకుని బస్సెక్కి ఎక్కడికి పోయాడో, పొద్దంతా ఎక్కడ కూర్చున్నాడో నాకు తెలియదు. నెలనెలా ఇంతో అంతో తెచ్చి ఇచ్చేవాడట. ఎండాకాలం ఎందుకు ఇవ్వవని అడిగితే, సర్కారు సెలవుల జీతం ఆపి పెట్టి చివరికి పింఛన్లో కలుపుతుందని చెప్పేవాడట. ఆయనది పర్మనెంట్ కొలువని పెళ్లయిన నాటి నుంచీ ఆమె వింటోంది. శ్రావణి తండ్రికి ఆ 'ఆఁ' అంత తేలిగ్గా ఎలా చెప్పగలిగాడో నాకు అప్పుడు అర్థమైంది.

ఆయన అన్న కూడా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఆయన భార్య కొంగుతో ముఖం తుడుచుకుని అడిగింది.

"మేడం, పింఛన్ కాయిదాలకు నేను ఎవరిని కలవాలె?"

నేను నోరు తెరిచేలోపే శ్రావణి ఆమె పక్కన కూలబడి భుజం మీద చెయ్యి వేసింది. "నేను కనుక్కొని చెప్తనమ్మా" అంది. అక్కడ కనుక్కోవడానికి ఏమీ లేదని ఆ పిల్లకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమె మాత్రం, "జర జల్ది చెప్పు బిడ్డా" అంది.